పదిహేడు గళ్లు తక్కువ

మొన్న మంగళవారం ప్రొద్దుటూరు నుంచి కార్డు వచ్చింది. సార్ పోయారనీ, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామనీ ఆయన మనవడు రాశాడు. అడుగున చోటు చాలక అక్షరాలు చిన్నవి చేసి ఇంకో మాట ఇరికించాడు. "మా తాత మీ పేరు ఎప్పుడూ చెప్పేవాడు. ఆయన మీ జీవితాన్ని ఎట్లా మార్చినాడో మీరే వచ్చి నాలుగు మాటలు చెప్పాల."

కార్డు అందిన తేదీ మూల మీద వేసి, ఉత్తరాల తీగకు గుచ్చాను. గుచ్చాక గుర్తొచ్చింది, అందిన కాగితం మీద తేదీ వేయడం కూడా ఆయన నేర్పిందేనని.

ఆయన పేరు ఇక్కడ రాయను. నొచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అదీగాక జమ్మలమడుగులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మిషన్ బడిలో పిల్లలకూ, మేం గుడి అనే చర్చిలో పెద్దలకూ, బజారులో అంగళ్లవాళ్లకూ ఆయన ఒట్టి సార్.

సార్‌ను తలుచుకుంటే నాకు ముఖం కన్నా ముందు చొక్కా కనబడుతుంది. జేబులో ఇంకు పెన్ను, కుడి చెవి మీద పెన్సిలు, రెండో కాజాకు దారంతో కట్టి వేలాడే రబ్బరు ముక్క. చిక్కుడు గింజంత ఉండేది. బడిలో పిల్లలెవరైనా రబ్బరు అడిగితే ఆయన దారం విప్పేవారు కాదు. ఆ పిల్లవాడి పుస్తకాన్నే రొమ్ము దగ్గరికి ఎత్తుకొని, గడ్డం లోపలికి ముడుచుకొని తుడిచి ఇచ్చేవారు. పెన్సిలు చెక్కిన పొట్టు అగ్గిపెట్టెలో వేసుకునేవారు. ప్రార్థన చేయబోయే ముందు ఒక లవంగం నోట్లో వేసుకునేవారు. గొడుగు పట్టుకొని బయలుదేరేటప్పుడు ఇంట్లోనే దాన్ని విప్పి, కిటికీ వెలుతురుకు ఎత్తి, చిల్లులు వెతికేవారు. మా వైపు ఏడాదికి ఎన్ని వానలు పడతాయో అందరికీ తెలుసు. అయినా వెతికేవారు.

మనిషి ఎదురైతే మామూలుగా అందరూ "బాగుండావా" అంటారు. ఆయన "ఎన్ని?" అనేవారు.

ఎన్ని అంటే ఎన్ని గళ్లు అని. మద్రాసు నుంచి పోస్టులో ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించుకున్నారు. నూరు రోజుల్లో మనిషి కొత్త మనిషి కావచ్చని అందులో ఉంది. దాన్ని పట్టుకొని సార్ తమ పద్ధతి ఒకటి తయారు చేశారు. నోటుపుస్తకం పేజీలో అడ్డం పది, నిలువు పది, మొత్తం నూరు గళ్లు గీయాలి. వదిలించుకోవాలనుకున్న గుణం ఒక్కటే పైన రాయాలి. దాని జోలికి పోకుండా గడిచిన రోజుకు ఇంకుతో టిక్కు. తప్పిన రోజుకు పెన్సిలుతో ఇంటూ. ఇంటూ పడిందా, అంతవరకూ పడ్డ టిక్కులన్నీ పోయినట్టే. కొత్త పేజీలో మళ్లీ మొదటి గడి. వరుసగా నూరు టిక్కులు వస్తే ఆ గుణం మనిషిని వదిలిపోతుంది. అప్పుడు పాత ఇంటూలన్నీ రబ్బరుతో తుడిచేయొచ్చు.

"అందుకే తప్పు పెన్సిలుతోనే రాయల్ల," అనేవారు. "ఒగనాడు చెరిగిపోవాల కదా."

బజారులో ఆయన బట్టలు కుట్టే సాయిబు ఒకడు ఉండేవాడు. మొదటిసారి "ఎన్ని?" అని అడిగితే, "మూడు చొక్కాలు సార్, రెండు పాయిజామాలు. శుక్రవారానికి ఇస్తా," అన్నాడు. సార్ నిలబడి గళ్ల సంగతి అంతా వివరించారు. సాయిబు మిషను తొక్కడం ఆపకుండా విన్నాడు. "మాకు దినానికి అయిదు నమాజులు పెట్టినాడు సార్ దేవుడు. అవే తప్పకుండా చేయలేకపోతాండాం. ఇంగ మీ నూరు గూడా నా నెత్తిన ఎందుకు," అన్నాడు. సార్ ఆ మాట మాకు బడిలో చెప్పి పడీ పడీ నవ్వారు. తన మీద వేసిన జోకును తానే మోసుకొచ్చి చెప్పే గుణం ఆయనలో ఉండేది. అది నేను మరిచిపోలేదు.

అంతకు ముందు సార్ ఇట్లాంటి మనిషి కారు. నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆయన ప్రార్థన చేస్తే గుడిలో ముసలమ్మలు కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చేవాళ్లు. నాకు టీచరు ట్రైనింగు అయి, అదే మిషన్ బడిలో ఆయన కింద ఉద్యోగం వచ్చేసరికి ఆ ప్రార్థన పొట్టిదైపోయింది. అవి కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. ఆయన తమ వేదపుస్తకానికీ, మద్రాసు పుస్తకానికీ ఒకే రకం గోధుమరంగు అట్ట వేసుకున్నారు. సైజూ ఒకటే. ఒక ఉదయం బడి ప్రార్థనలో పుస్తకం తెరిచి, ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి, కీర్తన మొత్తం చూడకుండా చెప్పారు. పిల్లలు ఆశ్చర్యపోయారు. నేను పక్కనే నిలబడ్డాను. తెరిచిన పేజీలో టై కట్టుకొని నవ్వుతున్న దొర బొమ్మ ఉంది.

ఎందుకు మారారో ఒక్కసారే చెప్పారు, నేను అడగకుండానే. ఆయన భార్య మిషన్ ఆసుపత్రిలో నలభై రోజులు పడుకొని పోయింది. "నలభై దినాలు మోకాళ్ల మీద ఉన్న్యాను," అన్నారు. "అడిగి అడిగి అలసిపోయినా. ఇంగ అడిగే పని లేకుండా మనిషి తనకు తానే చేసుకొనే దారి ఏదన్నా ఉందా అని చూసుకున్నా." అంతే. పెన్సిలు చెక్కడంలో పడ్డారు. పొట్టు ఎక్కడా తెగకుండా ఒక్క చుట్టగా వచ్చింది.

నేను యాభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. అందరూ అది నా గుణం అనుకుంటారు. నా మొదటి డైరీ నాది కాదు. మా నాయనది.

మా నాయన గుడి మనిషి. గంట కొట్టడం, నాపబండలు కడగడం, మా వాళ్లలో ఎవరైనా పోతే గోరీ తవ్వడం ఆయన పని. మంచి కష్టజీవి. తాగేవాడు. మద్యనిషేధం ఉన్న కాలమే, కాని పెన్న అవతల కంపచెట్లలో సారాయి కాసేవాళ్లు. తాగి గంట తప్పు వేళకు కొట్టాడని నా చిన్నప్పుడే ఆయన్ని బల్లకు దూరం పెట్టారు. బల్ల అంటే ప్రభువు బల్ల. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం. ఆ ఆదివారం మా నాయన అందరికన్నా ముందు లేచి గుడి కడిగి, గంట కొట్టి, అందరూ లోపలికి పోయాక వాకిట మెట్టు మీద కూర్చునేవాడు. మాయమ్మ ఒక్కతే పోయి మోకరించి వచ్చేది. వచ్చాక కాసేపు నీళ్లు కూడా తాగేది కాదు. నాయన ఆమె నోటి వైపు చూసేవాడు.

ఆయన కోరిక పెద్దదేం కాదు. "మీయమ్మ పక్కన ఒగసారి మోకరించల్ల," అన్నాడు నాతో. నేను ఆయన్ని సార్ దగ్గరికి తీసుకుపోయాను. సార్ బడికి హెడ్మాస్టరు, సంఘ కమిటీకి కార్యదర్శి. ఆయన మాటంటే పాస్టరు అయ్యగారికి కూడా గౌరవం.

సార్ కొత్త నోటుపుస్తకం తీసి, స్కేలు పెట్టి గళ్లు గీశారు.

"పైన ఏం గుణం రాయమంటావప్పా?"

"మీకు తెలీదా సార్."

"నువ్వు చెప్పల్ల."

"తాగుడు," అన్నాడు నాయన. మాయమ్మ అక్కడ లేకపోయినా ఆమెకు వినబడుతుందేమో అన్నట్టు చిన్నగా అన్నాడు.

"నూరు దినాలు. నూరు అయినంక సిద్ధపాటు కూడికలో నేనే లేసి చెప్తా, ఈ మనిషి మారినాడు, బల్లలో చేర్చుకోండి అని."

"రోజూ దేవుణ్ణి అడుక్కోవల్లా సార్?"

"అడుక్కుంటే అడుక్కో. గడి మాత్రం మర్చిపోవద్దు."

నాయనకు చదువు రాదు. కాబట్టి రోజూ సాయంత్రం నేను గడి నింపాలి, వెనక పేజీలో ఆ రోజు ఏం జరిగిందో ఒక వరుస రాయాలి. "ఉన్నదున్నట్టు రాయి. నేనూ దేవుడూ తప్ప ఎవురూ చూడరు," అన్నారు సార్. ఆ వరుసలు కొన్ని నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఇరవై రెండో నాడు: సంత నుంచి ఏటిగట్టు దారి వదిలి చుట్టుదారిన వచ్చాడు, కాళ్లు నొప్పి. నలభయ్యో నాడు: కోపం, చెంబు విసిరేశాడు, తాగలేదు. యాభై మూడో నాడు: అమ్మతో కూర్చొని చెనిక్కాయలు వలిచాడు, ఆయన పాట మొదలుపెడితే అమ్మ అందుకుంది.

అరవై అయ్యాయి. అరవై ఒకటో నాడు కమిటీ పెద్ద ఒకాయన తల్లి చనిపోయింది.

మాలో ఒక వాడుక ఉండేది. గోరీ తవ్వినవాళ్లకు ఆ ఇంటివాళ్లు చేతులు కడుక్కోవడానికి నీళ్లు, దాంతోపాటు గుడ్డ చుట్టిన సీసా ఒకటి పంపేవాళ్లు. నిషేధం ఉన్నా పంపేవాళ్లు. బల్లకు దూరం పెట్టాలని కమిటీలో చెయ్యెత్తినవాళ్లూ పంపేవాళ్లు. వద్దంటే చనిపోయిన మనిషిని తక్కువ చేసినట్టు.

నాయన సాయంత్రం వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"రాయి. తప్పింది."

"ఎవురిచ్చినారు నాయనా?"

"అది రాయొద్దు. ఎవురిచ్చినా తాగింది నేను." తరువాత అన్నాడు, "సార్ ఇంటామె పోయిననాడు గూడా అంతే కదా. సారే పంపిచ్చినాడు."

నేను పెన్సిలుతో ఇంటూ పెట్టాను. మరుసటి రోజు సార్ పేజీ చూసి, "మళ్లా మొదటి గడి," అన్నారు.

"అరవై పోయినట్టేనా సార్?" అన్నాడు నాయన.

"పోయినట్టే."

మాయమ్మకు ఈ లెక్క ఎక్కలేదు. "అరవై దినాలు మనిషి ఇంట్లో మనిషి మాదిరి ఉన్న్యాడు. నేను చూసినా. అవి యాడికి పోతాయి? ఎవురు తీసకపోయినారు?" అంది. నేను సార్ మనిషిని. కొత్త పేజీ గీశాను.

ఆ రోజుల్లోనే సార్ ఊళ్లు తిరిగి ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టారు. పులివెందులలో ఒకటి బాగా జరిగింది. ప్రొద్దుటూరులో వర్తకుల హాలులో ఇంకొకటి పెట్టారు. "నీ దగ్గరుండే మీ నాయన పుస్తకం ఇయ్యి, మాదిరికి చూపిస్తా. పేరు చెప్పనులే," అని తీసుకున్నారు. నాయన రెండో పేజీ ముప్పై దాటింది. పుస్తకం తిరిగి వచ్చేదాకా టిక్కులు విడి కాగితం మీద పెట్టుకోమన్నారు. నన్ను వెంట రమ్మన్నారు.

హాలు నిండింది. బట్టల వ్యాపారులు, టీచర్లు, ఒకరిద్దరు ప్లీడర్లు. సార్ చాలా బాగా మాట్లాడారు. అబద్ధం ఆడకుండా నూరు రోజులు అనగానే బంగారు అంగడి శెట్టి ఒకాయన లేచి, "అయితే సార్, నూరు దినాలూ అంగడి మూసుకోవల్ల," అన్నాడు. అందరూ నవ్వారు. "ఒగ గంటతో మొదలుపెట్టు శెట్టీ. మధ్యాన్నం నిద్రపోయే గంట తీసుకో," అన్నారు సార్. ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు మా నాయన పుస్తకం తెరిచి పైకెత్తారు. "ఒక కూలి మనిషి. ఇరవై ఏండ్ల తాగుడు. చూడండి, నూరు గళ్లు, నూరు టిక్కులు."

నేను రెండో వరుసలో ఉన్నాను. మొదటి పేజీ. అరవై టిక్కులు నావి, నీలం ఇంకు. ఆ తరువాత నలభై వేరే ఇంకు, కొంచెం నలుపు తిరిగింది. అరవై ఒకటో గడిలో ఇంటూ లేదు, టిక్కు ఉంది. రబ్బరుతో గట్టిగా రుద్దడం వల్ల కాగితం అక్కడ పలచబడి, కిటికీ వెలుతురు అందులోంచి వస్తోంది. గొడుగును వెలుతురుకు ఎత్తి చిల్లులు వెతికే మనిషి, అదే తీరున పుస్తకం ఎత్తి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు జనం.

తిరుగు బస్సులో అడిగాను. "సార్, ఆ పేజీ..."

"మీ నాయన మారినాడా లేదా?"

"మారుతాండాడు సార్."

"అయితే నేను చెప్పింది అబద్ధమెట్ల అయితాది? కొన్ని దినాలు ముందుగా చెప్పినా, అంతే. వచ్చే శనివారం సిద్ధపాటు కూడికలోనూ ఇదే చూపిస్తా. ఆదివారం మీ నాయన మీయమ్మ పక్కన మోకరిస్తాడు. ఒద్దా నీకు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నాపబండలు వేసుకొని ఎద్దుల బండ్లు వరుసగా పోతున్నాయి. వద్దు అనలేదు. ఆ రోజు వరుస ఇట్లా రాసుకున్నాను: ప్రొద్దుటూరు పోయి వచ్చాము, ఎండ. అంతే రాశాను. నా రాతలో మొదటి అబద్ధం అదే.

సంస్కారానికి ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక జరిగేది. దూరం పెట్టినవాళ్లు తిరిగి చేరాలంటే ఆ రోజు అందరి ముందు నిలబడాలి. మాయమ్మ నాయన పంచెను గంజి పెట్టి ఉతికింది. ఆయన తాను కడిగిన బండల మీద తానే తడి ఉందేమో అన్నట్టు జాగ్రత్తగా నడిచి ముందుకు పోయాడు. సార్ లేచి మంచి మాటలు చెప్పి, పుస్తకం అయ్యగారి చేతిలో పెట్టారు. అయ్యగారు పేజీ చూసి సంతోషపడ్డారు. పద్ధతి ప్రకారం ఒక ప్రశ్న అడగాలి కాబట్టి అడిగారు.

"ఏమప్పా, నూరు దినాలూ తాగకుండా ఉన్నావా?"

నాయన సార్ వైపు చూశాడు. పుస్తకంలో ఏముందో ఆయనకు తెలియదు. ఉన్నదున్నట్టు ఉందనే అనుకున్నాడు.

"ల్యా అయ్యా. అరవై అయినాయి. అరవై ఒకటో నాడు గోరీ తవ్వి తాగినా. మళ్లా మొదలుపెట్టినా. ఈ పొద్దుకు ముప్పై ఎనిమిది."

సీసా పంపిన కమిటీ పెద్ద కింద బండ వైపు చూస్తున్నాడు. అయ్యగారు పుస్తకం ఇంకోసారి చూసి, సార్ వైపు తిరిగారు.

సార్ చెయ్యి రెండో కాజా దగ్గరికి పోయింది. రబ్బరు ముక్కను పట్టుకున్నారు. అది పట్టుకొనే, ఎప్పటి గొంతుతోనే చెప్పారు.

"రాసింది కొడుకు అయ్యగారూ. అందులో ఒక్క టిక్కు కూడా నాది కాదు. తండ్రిని బల్లలో చేర్చాలనే ఆరాటంలో పిల్లవాడు దిద్దినట్టున్నాడు. నేను గమనించుకోలేదు. అది నా తప్పు."

అందరూ నా వైపు చూశారు. నేను లేచి, కాదు అనవచ్చు. కాదంటే, మరి ప్రొద్దుటూరులో చూసి ఎందుకు ఊరకున్నావు అన్న మాట వస్తుంది. ఎవరూ అడక్కపోయినా మా నాయన అడుగుతాడు. ఆ ఒక్క మాటకు భయపడి తల వంచుకున్నాను. తల వంచితే ఒప్పుకున్నట్టే.

నన్ను ఆరు నెలలు బల్లకు దూరం పెట్టారు. నాయన విషయంలో అయ్యగారు కఠినంగా మాట్లాడలేదు. మెత్తగానే, ఎంతో దయగా అన్నారు. "నిజం చెప్పినావు, మంచిది. ఆ నూరు పూర్తి కానీయప్పా. అయినంక తప్పకుండా చేర్చుకుంటాం."

మా సంఘంలో అంతకు ముందు నూరు అనే నియమం లేదు. పాపం ఒప్పుకుంటే చాలు. మా నాయన ఆ రోజు అందరి ముందు ఒప్పుకున్నాడు. దాన్ని ఎవరూ ఒప్పుకోలు అనుకోలేదు. నాకూ తట్టలేదు. అందరి కళ్లూ గళ్ల మీదే ఉన్నాయి.

ఇంటికి నడుస్తూ నాయన అడిగాడు. "నువ్వు దిద్దినావా?"

"ల్యా నాయనా."

"తెలుసు." పది అడుగులు పోయాక, "ముందే చూసినావా?"

నేను ఒక అడుగు వెనకబడ్డాను. ఆయన ఇంటి దగ్గరికి వచ్చాక అన్నాడు, "ఇంగ మీద ఇంకుతోనే రాయి. ఇంటూ అయినా సరే."

సోమవారం బడిలో సార్ నా బల్ల దగ్గరికి వచ్చి లవంగాల డబ్బీ తెరిచి ఒకటి ఇచ్చారు. అంతకు ముందు ఎవరికీ ఇవ్వగా చూడలేదు. "నా మాట పోతే ఎంతమంది గళ్లు ఆగిపోతాయో ఆలోచించు," అన్నారు నెమ్మదిగా. "నీదేముంది, చిన్న వయసు. ఆర్నెల్లు ఇట్ల తిరిగేలోపల అయిపోతాయి." ఆ గొంతులో వేడుకోలు ఉంది. నేను లవంగం తీసుకున్నాను. నోట్లో వేసుకోలేదు. పారేయనూ లేదు. సాయంత్రం దాకా పిడికిట్లో ఉంది.

ఆ తరువాత మా నాయనకు గళ్లు తప్ప ఇంకేమీ పట్టలేదు. ముప్పై తొమ్మిదో గడి నుంచి కొత్త పుస్తకంలోకి ఎక్కించాను, అంతా ఇంకుతో. మధ్యలో రెండు గోరీలు తవ్వాడు. సీసా వస్తే పక్కన పెట్టి, చేతులు మాత్రం కడుక్కొని వచ్చాడు. వాళ్లు నొచ్చుకున్నారని మాకు తెలిసింది. డెబ్బై దాటాక ఆయన కళ్లు పచ్చబడ్డాయి. తాగుడు లోపల చేయవలసిన పని అంతకు ముందే చేసి పెట్టింది. మిషన్ ఆసుపత్రిలో చేర్చాం. అక్కడా సాయంత్రం కాగానే నా వైపు చూసేవాడు. నేను పుస్తకం తీసి టిక్కు పెట్టి చూపించేవాణ్ణి.

ఎనభై మూడో నాడు అయ్యగారు వచ్చారు. రోగులకు సంస్కారం ఇచ్చే చిన్న పెట్టె తెచ్చారు. మాయమ్మ మంచం పక్కన బండల మీద మోకరించింది. అయ్యగారు రొట్టె విరిచి నాయన నోటి దగ్గర పెట్టారు.

నాయన నోరు మూసుకున్నాడు. తల పక్కకు తిప్పి, గోడకు చెప్పినట్టు చెప్పాడు. "ఇంగా పదిహేడు ఉండాయి అయ్యా. అయినంక రాండి."

"ఫరవాలేదప్పా. దానికీ దీనికీ ఏం లేదు. తీసుకో."

"మీరే చెప్పినారు కదా అయ్యా, నూరు పూర్తి కానీమని."

అయ్యగారి చెయ్యి అట్లానే ఉండిపోయింది. మాయమ్మ, "నేనున్న్యా పక్కనే. తీసుకో," అంది. నాయన ఆమె వైపు చూశాడు. ఎంత ప్రేమగా చూశాడో చెప్పలేను. కాని నోరు తెరవలేదు. మరుసటి రోజు పొద్దున పోయాడు. ఆయన గోరీ తవ్వినవాళ్లకు మాయమ్మ సీసా పంపలేదు. కుండ నిండా మజ్జిగ పంపింది.

సార్ నా మీద వేసిన అబద్ధాన్ని నేను ఎప్పుడో మన్నించాను. నా భాగం నాకు తెలుసు. మన్నించలేనిది ఇంకోటి ఉంది. మా నాయనకు ఊరికే ఇవ్వడానికి ఒక చెయ్యి నోటిదాకా వస్తే, దాన్ని తీసుకోవడం ఆయన మరిచిపోయేట్టు చేశారు. దానికి గళ్లు గీసింది సార్. ఇంకు పెట్టింది నేను.

నాయన జబ్బు పడకముందే సార్ బదిలీ మీద పులివెందుల వెళ్లిపోయారు. నాయన పోయిన ఏడాదికి, హైదరాబాదు రాజధాని అయినాక, బడి పని మీద పులివెందుల పోయి తిరిగి వస్తూ బస్సులో కూర్చున్నాను. బస్టాండులో సార్ కనబడ్డారు. అదే చొక్కా తీరు, చెవి మీద పెన్సిలు, దారానికి రబ్బరు. నన్ను చూసి ఆయన ముఖం నిజంగా వెలిగిపోయింది. జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఎన్ని?" అన్నారు.

మా నాయన పోయిన సంగతి ఆయనకు తెలియదని ఆ ఒక్క మాటతో తెలిసింది. చెప్పాలనుకున్నవన్నీ ఏడాదిగా డైరీలో రాసుకొని ఉన్నాను, ఇంకుతో.

"ఎనభై మూడు సార్," అన్నాను.

అవి నావే అనుకున్నారు. "శబాష్," అని కిటికీ చువ్వల్లోంచి నా చెయ్యి పట్టుకొని నొక్కారు. "ఇంగెంతప్పా. పదిహేడే. మధ్యలో ఇడ్సొద్దు." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద ప్రేమతోనే.

బస్సు కదిలింది. ఆయన దుమ్ములో నిలబడి, గొడుగు చంకలో పెట్టుకొని, రెండు చేతులూ ఎత్తి పది వేళ్లు చూపించారు. తరువాత ఏడు. మళ్లీ పది, మళ్లీ ఏడు. మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నవ్వుతూ చూపిస్తూనే ఉన్నారు.